లాప్‌టాప్ కాళ్లు కట్టిందెవరు?

ఉదయం పదకొండింటికి రంగూన్ నగరం లమ్మడా పేటలోని ఆ ఆరంతస్తుల భవనంలో నీళ్లు ఆగిపోయాయి. మూడో అంతస్తు లోకనాథం తలనిండా సబ్బు నురగతో మెట్లెక్కి వస్తున్నాడు. కింద వీధిలో మొహింగా అనే సేమ్యా వంటకం అమ్ముకునే బర్మా ఆవిడ డా మ్యా చేపల పులుసు కుండలో పెద్ద ఐసుగడ్డ ఒకటి తేలుతోంది. ఆరో అంతస్తులో తాయారమ్మ కొడుకు మీద అలిగి బాల్కనీలో చాపేసుకుని కూర్చుంది. ఆ కొడుకు సత్యప్రసాద్ మాత్రం, తప్పు చేసినవాడు దొరికేదాకా మంచినీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ముట్టుకుందామన్నా నీళ్లు లేవన్నది వేరే సంగతి.

అతని కూతురు మణిమాల ఇవేవీ చూడడం లేదు. ఆమె కళ్లు కొత్త గేమింగ్ లాప్‌టాప్ తెర మీద ఉన్నాయి. పని పూర్తికావడానికి ఇంకా ఆరు గంటల పది నిమిషాలు పడుతుందని లాప్‌టాప్ అంటోంది. కంపెనీ ఇచ్చిన గడువు మధ్యాహ్నం పన్నెండు.

కంప్యూటర్ ఆటలకు బొమ్మలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగానికి పరీక్ష అది. ముందే గీసుకున్న ఓడరేవు బొమ్మను తొమ్మిదింటి నుంచి లాప్‌టాప్‌తో వానలో తడుస్తూ కదిలే వీడియోగా మార్పించి, పన్నెండులోపు పంపాలి. నిరుడు ఇదే పరీక్షలో పాత లాప్‌టాప్ సగంలో ప్రాణం విడిచింది. రెండోసారే ఆఖరిసారని కంపెనీవాళ్లు ఉత్తరంలో మర్యాదగా రాశారు.

నిజానికి ఆ ఉదయం పథకం చాలా మామూలుది. మణిమాల స్నానం చేసి వచ్చి, లాప్‌టాప్‌ను తనే సిద్ధం చేసుకుని, తొమ్మిదింటికి పరీక్షకు కూర్చోవాలి. అయితే ఓడల సరుకు విడిపించే ఆఫీసులో గుమాస్తా అయిన సత్యప్రసాద్ ఆ రోజు సెలవు పెట్టాడు. పైగా ముందురోజు గేమింగ్ లాప్‌టాప్‌ను ఫుల్ స్పీడుకు తెచ్చే విధానం మీద మూడు వీడియోలు చూశాడు. మూడు వీడియోలు చూసిన మనిషిని ఆపడం ఎవరి తరం?

"నాన్నా, సెట్టింగ్స్ ముట్టుకోకు ప్లీజ్. నేనే చేసుకుంటా," అంది మణిమాల తువ్వాలు భుజాన వేసుకుంటూ.

"ముట్టుకోకుండా సెట్టింగ్ ఎలగవతాదే? నువ్వు తానం సేసొచ్చీలోపు దీన్ని గుర్రాన్ని సేసీస్తాను."

చేశాడు కూడా. వేగం అన్నచోట అత్యధికం అని పెట్టాడు. అక్కరలేదనిపించిన ప్రోగ్రాములన్నీ ఆపాడు. అస్తమానం తెర మూల నుంచి తొంగిచూసే హెచ్చరికలు వేగాన్ని తినేస్తాయని రెండో వీడియోలో చెప్పారు కాబట్టి, వాటి నోరు పూర్తిగా నొక్కేశాడు. ఇక మిగిలింది కరెంటు. తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు కరెంటు ఉంటుందని టైంటేబులు. టైంటేబులును నమ్ముకుని రంగూన్‌లో ఎవడూ పరీక్ష రాయడు. అందుకని మీటరు లైను వదిలేసి, కరెంటు పోయినా పనిచేసే ఇన్వర్టరు లైనుకు తగిలిద్దామనుకున్నాడు.

అక్కడే అతని భార్య రాధాకుమారి నియమం అడ్డొచ్చింది. ఆవిడ తెల్లవారుతూనే తన్లిన్ బస్సెక్కి ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది కానీ, నియమం ఇంట్లోనే ఉంది. ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కరు, ఇంకా బరువుగా ఉన్నదేదీ ఇన్వర్టరుకు తగిలించకూడదు. ఆ ఇంట్లో వాట్లు కొలిచేది చేత్తోనే. కొత్త లాప్‌టాప్ చార్జరును సత్యప్రసాద్ అరచేతిలో పెట్టి తూచాడు. అచ్చం ఇటుక. తన ఆఫీసు లాప్‌టాప్ చార్జరు తెల్లగా, సబ్బుపెట్టె అంత తేలిగ్గా ఉంది. దాని మూతి కొత్తదానికీ సరిపోయింది. బల్ల కింద దాన్ని తగిలించి, ఇటుకను పక్కనే ఉన్న డబ్బాలో భద్రంగా దాచి, ఆ సంగతి మర్చిపోయాడు.

తొమ్మిదింటికి పరీక్ష మొదలైంది. తొమ్మిదీ నలభైకి పని ఎనిమిది శాతం అయింది.

"నాన్నా, ఇది సంథింగ్ రాంగ్. షాపులో చూసినప్పుడు పిచ్చ ఫాస్ట్‌గా ఉండె," అంది మణిమాల. మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నేను విండో క్లోజ్ చేస్తే మొత్తం పోతుంది. ఏం ముట్టుకోలేను."

"నువ్వు కదలకు. నాను సూసుకుంటాను," అన్నాడు సత్యప్రసాద్, పరిశోధన మొదలుపెడుతూ.

మొదటి అనుమానం వోల్టేజీ మీద. కరెంటు రాగానే అందరూ నీళ్ల మోటార్లు వేస్తారు, వోల్టేజీ పడిపోతుంది. సత్యప్రసాద్ ఆరు అంతస్తులూ దిగి, మెట్ల కింద వరసగా ఉన్న మోటార్ల స్విచ్చులన్నీ ఆపేశాడు. ఎవరినీ అడగలేదు. అడిగితే ఆలస్యమవుతుంది. మళ్లీ ఆరు అంతస్తులూ ఎక్కేసరికి పని పది శాతం అయింది.

రెండో అనుమానం వేడి. చల్లబరిస్తే పరుగెడుతుందని మూడో వీడియో. బాల్కనీలోంచి ఐసు బండివాణ్ని కేకేసి, గంట కట్టిన తాడును కిందికి వదిలాడు. కూరగాయలకూ కరెంటు బిల్లులకూ అలవాటుపడిన తాడు అది. దాని కొసనున్న క్లిప్పు ఐసు సంచీని నాలుగో అంతస్తుదాకా మోసి, తన వల్ల కాదని వదిలేసింది. కింద డా మ్యా కుండ మూత అప్పుడే తీసింది.

మూడో అనుమానంతో లాప్‌టాప్ వెనక్కి వంగి చూసిన సత్యప్రసాద్‌కు గాలి రంధ్రాల మీద నాలుగు పసుపు బొట్లు కనిపించాయి.

"అమ్మా, ఇదేటిది?"

"కొత్త యంత్రం గదరా. బండి కొంటే బొట్టు ఎట్టమా? ఆయుదపూజకి నీ సైకిలికెట్టినాను, అదేటి ఆగిపోయినాదా?"

"సైకిలికి ఊపిరుండదే. దీనికుంటాది. దాని ముక్కులో పసుపు కుక్కీసినావు. పిల్ల బతుకు నీ సేత్తో ఆపీసినావు."

తాయారమ్మ తడిగుడ్డతో నాలుగు బొట్లూ తుడిచి, చాప చంకన పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయింది. పసుపు పోయింది. వేగం రాలేదు.

ఇక మిగిలింది లాప్‌టాప్ అమ్మినవాడు. దాన్ని చేతికిచ్చిన షాపు మెకానిక్ సూరికి ఫోను వెళ్లింది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది, నకిలీ సరుకు అన్న మాట వినగానే పబేడాన్ పేటలోని షాపు నుంచి పరుగున వచ్చాడు. అతను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే లోకనాథం నురగతో, డా మ్యా గరిటెతో వెనకాలే వచ్చారు.

"సత్యా, నీల్లు ఆపింది నువ్వేనట. సబ్బు కల్లలో పడి మెట్లు కూడా అగుపడ్డం నేదు," అన్నాడు లోకనాథం. స్టీలు సామాన్ల కొట్టు నడిపే ఆయన ఆ భవనానికి సెక్రటరీ కూడా.

"నన్నంటే ఏటి లాబం మావా? ఈడు నకిలీ లాప్‌టాప్ అంటగట్టినాడు. అందువల్లే మోటార్లు ఆపాల్సొచ్చినాది, ఐసు తేవాల్సొచ్చినాది. మొత్తానికీ మూలం ఈడే."

లోకనాథం ఒంటికన్నుతో సూరిని చూశాడు. డా మ్యాకు తెలుగు రాదు కానీ, గరిటె ఎటు తిప్పాలో అర్థమైంది.

"ఒరిజినలండీ, ఊ సత్యా," అన్నాడు సూరి, బర్మా మర్యాద ప్రకారం పేరు ముందు ఊ చేర్చి. "మీద కాదు, ముందు కింద చూడాలి. చార్జరు ఎక్కడ తగిలించారు?"

"నానే సూసొస్తాను. నువ్వు ముట్టుకోకు," అని సత్యప్రసాద్ బల్ల కిందికి దూరాడు.

బల్ల కింద చీకటి. ఆ చీకట్లో తెల్లటి సబ్బుపెట్టె, దాని మీద తన ఆఫీసు స్టిక్కరు. సత్యప్రసాద్ మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాడు. ఏనుగుకు పాలసీసా పట్టి, దుంగలు ఎందుకు లాగలేదని ఊరంతటినీ నిలదీశానని అప్పుడు అర్థమైంది. దానికి ఆకలేస్తోందని లాప్‌టాప్ చెప్పాలనే చూసి ఉంటుంది. నోరు నొక్కింది కూడా తనే.

అతను చప్పుడు చేయకుండా డబ్బాలోంచి ఇటుకను లాగాడు. మీటరు లైనుకు తగిలించాడు. సబ్బుపెట్టెను లుంగీ మడతలో దోపుకుని, ఏమీ ఎరగనివాడిలా పైకి లేచాడు.

లాప్‌టాప్ ఒక్కసారిగా బుసకొట్టింది. ఆరు గంటలు కాస్తా ముప్పై నిమిషాలైంది, ఆ తర్వాత ఇరవై ఆరు. పదకొండూ నలభై ఎనిమిదికి తెర మీద ఓడరేవులో వాన పడింది. పదకొండూ యాభై ఏడుకు మణిమాల దాన్ని పంపేసింది. అందినట్టు కంపెనీ నుంచి జవాబు వచ్చాక, ఆమె తల బల్ల మీద ఆనించి కొంచెంసేపు ఏడ్చింది.

"మోటార్లు ఆగినాయి గనక వోల్టేజీ నిలబడినాది," అన్నాడు లోకనాథం, ఇప్పుడు ఆ త్యాగం తనదే అన్నట్టు. ఆపైన ఫోను తీశాడు. రంగూన్ తెలుగువాళ్ల గ్రూపులో పద్నాలుగు వందల మంది ఉన్నారు. "అయినా వొదలకూడదు. నకిలీ సరుకు అమ్మినోడి పేరు అందరికీ తెలవాలి. సూరీ, నీ పూర్తి పేరు సెప్పు."

"అంకుల్, అలా రాస్తే నా ఉద్యోగం పోతాదండీ. నేను ఏటి చేశాను?"

సత్యప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. సూరిని చూశాడు, గోడను చూశాడు, మళ్లీ గొంతు సవరించుకున్నాడు. లుంగీ మడతలో సబ్బుపెట్టె పొట్టకు గుచ్చుకుంటోంది. "పోనీ, మావా," అన్నాడు చివరికి, ఎటూ చూడకుండా. "సిన్నోడు. ఈసారికి చమించీద్దాం."

ఆ ఔదార్యం బాల్కనీదాకా వినిపించింది.

"ఆడి పేరెందుకు రాత్తావు లోకనాదం?" అంది తాయారమ్మ చాప మీంచి కదలకుండానే. "సేసినోడి పేరు నాను సెప్తాను, రాసుకో."

"నువ్వు సూసినావేటి అక్కా?"

"మీరంతా నిలబడినారు. నాను నేల మీద కూకున్నాను. బల్ల కింద ఏటి జరిగినా నాకే అగుపడతాది. నల్లిటిక డబ్బాలోంచి గోడకెల్లినాది, తెల్లడబ్బీ ఆడి లుంగీలోకెల్లినాది. అప్పుడే గదా మిసను పరుగెత్తినాది."

మణిమాల బల్ల మీంచి తలెత్తి తండ్రి నడుము వైపు చూసింది. సూరి చూశాడు. డా మ్యా గరిటెను మెల్లగా ఇటు తిప్పింది. లోకనాథం వేలు ఫోను మీద ఆగిపోయింది.

తాయారమ్మ ఆఫీసులో ఫారం నింపించేదానిలా తాపీగా చెప్పింది.

"సత్యప్రసాద్. తండ్రి పేరు దండాసి. తల్లి పేరు దగ్గిర కాలీగా ఒగ్గెయ్యి."