కిరీటం అనుకున్న కొమ్ములు

నిస్సీ ఆ శుక్రవారం పొద్దున వేసుకున్న ప్లాను చాలా సులువైనది. మధ్యాహ్నానికి పెన్సిల్, సాయంత్రానికి ఇంకు, మర్నాడు రంగులు. శనివారం సాయంత్రానికి పేజీ ఎడిటర్ మనస్వినికి వెళ్లిపోవాలి. పిల్లల పత్రికలో ఆమెకు దొరికిన మొదటి బొమ్మల కథ అది. బాగా వస్తుందన్న విషయంలో ఆమెకు రవ్వంత అనుమానం కూడా లేదు.

లేఅవుట్ అప్పటికే సిద్ధం. కాగితం మీద గళ్లు, తలలకు బదులు గుండ్రాలు, కాళ్లూ చేతులకు బదులు పుల్లలు. మధ్యనున్న పెద్ద గడిలో ఒక రాక్షసుడు చేతులెత్తి కోటగోడ మీద కాలు మోపుతాడు. ఆ కాలు ఎలా వంగాలో మాత్రం కుదరడం లేదు. లేఅవుట్ చేత్తో పట్టుకుని, ఆలోచిస్తూ, నాచారంలో తాముండే అపార్ట్‌మెంట్ డాబా ఎక్కింది.

అక్కడ పై ఫ్లాట్ జనార్ధనరావు గారు వడియాల మీద వాలిన పావురాలను తరుముతున్నారు. ఒక కాలు పిట్టగోడ మీద వేసి, రెండు చేతులూ పైకెత్తి, గర్జిస్తున్నారు. ఆయన శాస్త్రవేత్తగా చేసి రిటైరైన మనిషి.

"అంకుల్, జర గట్లనే ఉండుండ్రి, కదలకుండ్రి!" అంటూ నిస్సీ ఫోన్ తీసింది.

ఫోటోలయ్యాక ఆయన లేఅవుట్ అందుకుని చూశారు. "మధ్యలో పెద్దగా ఉన్నది నేనేనా?"

"మీరే అంకుల్."

"నెత్తి మీద ఈ గీతలేమిటి? ఓహో, కిరీటమా! అంటే రాజు వేషమన్నమాట."

అవి కొమ్ములు. ఆ మాట చెప్పేలోపే ఆయన "లక్ష్మీ, నన్ను రాజుని చేశారే!" అని కేకేస్తూ మెట్లు దిగిపోయారు. పోనీలే, అచ్చులో ఎవరు గుర్తుపడతారని నిస్సీ పనిలో పడింది.

పెన్సిల్ పని సగంలో ఉండగా ఆయన భార్య అనంతలక్ష్మి పెళ్లి ఫోటో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "మీసం ఇలాగే ఉండాలని ఆయన ఒకటే గొడవమ్మా."

కూతురిని అడగకుండానే నిస్సీ తల్లి గ్రేస్ మాటిచ్చేసింది. "గదెంత పని అక్కా! మా నిస్సీ పెడ్తది."

పెట్టి చూస్తే ఆ మీసం రాక్షసుడికి బ్రహ్మాండంగా అతికింది. దాని కింద కోరలు మరీ భయంకరంగా కనిపించాయి. కాసేపటికి కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ గురించి పైనుంచి కబురొచ్చింది. ఆ తర్వాత కళ్లద్దాల గురించి. ప్రతి మార్పూ బొమ్మను బాగుచేస్తుంటే గీసే చెయ్యి ఆగుతుందా? బొమ్మ చూపించమన్నవాళ్లను మాత్రం నిస్సీ "అయినంక సూద్దురు" అని గుమ్మంలోనే ఆపేసింది.

సాయంత్రానికి ఇంకు పడింది. ఇక రబ్బరుకు లొంగేది కాదు. అప్పుడు దూరంగా పెట్టి చూసుకుంటే, కొమ్ములతో, కోరలతో, అచ్చం జనార్ధనరావు గారు.

"అమ్మా, అంకుల్‌కు కొమ్ములు పెట్టిన," అంది మెల్లగా.

గ్రేస్ చేతిలో గరిటె ఆగింది. "రాజుకు కొమ్ములేంది?"

"రాజు కాదమ్మా. రాక్షసుడు."

"అయ్యో ప్రభువా! ఆయన రేపు కింద హాల్ల సన్మానం వెట్టుకున్నడు బిడ్డా. పాత ఆఫీసోళ్లను పిలిచిండు. ఉప్పల్‌కు వోయి ఫ్లెక్సీ గూడ కొట్టిచ్చిండు!"

నిస్సీ పేజీని ఫోటో తీసి మనస్వినికి పంపి, ముఖం మార్చవచ్చా అని ఫోన్‌లో అడిగింది.

"పిచ్చా నీకు? ఇంత మంచి రాక్షసుణ్ణి నేను ఇప్పటిదాకా చూళ్లేదు. ఒక్క గీత మార్చినా తీసుకోను," అంది మనస్విని.

నిస్సీకి భయమూ గర్వమూ ఒకేసారి కలిగాయి. గర్వానిదే పైచేయి అయింది. మర్నాడు పొద్దున్నే ఆ ముఖానికి ముదురాకుపచ్చ రంగు వేసింది.

సాయంత్రం హాల్లో "మహారాజు పాత్రలో శ్రీ జనార్ధనరావు గారు" అన్న ఫ్లెక్సీ కింద ఆయన పట్టుపంచెలో కూర్చుని ఉన్నారు. నిస్సీ పెద్ద ప్రింటు పట్టుకుని తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లింది.

"అంకుల్, మీరు రాజు కాదు. నిన్ననే చెప్పాలె, చెప్పలే. తప్పు నాదే. బొమ్మ మాత్రం మస్తు మంచిగొచ్చింది."

ఆయన ప్రింటు విప్పారు. అందరూ మెడలు సాచారు. పచ్చటి ముఖం, కోరలు, కళ్లద్దాలు, పుట్టుమచ్చ.

ముందుగా అనంతలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగక ఆమె భుజాలు అదిరిపోయాయి. "ఇంట్లో నేను చూసే ముఖం నీకెక్కడ దొరికిందమ్మా!"

పాత ఆఫీసు నుంచి వచ్చిన రవి కుమార్ వంగి చూసి, "సార్, మీటింగులల్ల మేం సూసింది గీయన్నే," అన్నాడు వినయంగా.

జనార్ధనరావు గారు తలెత్తలేదు. "మరి రాజేడీ?"

నిస్సీ రాక్షసుడి పాదం కింద వేలు పెట్టి చూపించింది. గోడ సందులో, కిరీటం జారిపోయి, వణుకుతున్న చీమంత మనిషి.

"వీడా?" ఆయన ముఖం ముడుచుకుంది. "ఇంత పిరికి వేషం నాకెందుకమ్మా!" మళ్లీ పెద్ద గడివైపు చూపు తిప్పి, మీసం మీద చెయ్యి వేసుకున్నారు. "ఆ కాలు చూశావా లక్ష్మీ? ఏం దర్జా!"

అంతే, హాలంతా గొల్లుమంది. అపార్ట్‌మెంట్ పిల్లలు చుట్టూ మూగితే ఆయన గర్జించి మరీ ఫోటోలు దిగారు. ఫ్లెక్సీ మీద "మహా" అన్నచోట కాగితం అంటించి, స్వహస్తంతో "రాక్షస" అని రాశారు.

పేజీ అనుకున్న వేళకే వెళ్లింది, ఖాయమైంది కూడా. ఆదివారమంతా జనార్ధనరావు గారు రాజమండ్రి బంధువులకు ఫోన్లు చేసి, ఇకమీదట ప్రతి సంచికా కొనమని చెప్పారు. తర్వాతి పేజీలో రాక్షసుడి తల తెగుతుందని ఆయనకు చెప్పడానికి నిస్సీ ఇంకా మంచి గడియ వెతుకుతోంది.