నొప్పి రద్దయిన వార్డు

మానని గాయాల వార్డులో నొప్పిని రద్దు చేసినట్టు పెద్ద డాక్టరుగారు సభాముఖంగా ప్రకటించారు. గోడకు ఆ మేరకు బోర్డు కూడా తగిలించారు. అప్పటినుంచి అక్కడ ఎవరికైనా నొప్పి పుడితే అది నిబంధనలకు విరుద్ధం.

ఆ వార్డులో ఉన్న టైపు మాస్టారికి మాత్రం ఇంకా పుడుతూనే ఉంది. లోకజ్ఞానం తక్కువ మనిషి. ఆయన పిక్క మీద పుండు ఏళ్ల తరబడి మానడం లేదు. కట్టు మార్చేటప్పుడు పాత గుడ్డ పుండుకు అతుక్కుపోయి ఉంటుంది. సెలైన్‌తో తడిపితే మెల్లగా ఊడివస్తుంది గాని, అది నానేదాకా ఆగే తీరిక వార్డులో ఎవరికీ లేదు. అంచేత ఒక్క లాగు లాగుతారు. ఆ క్షణాన మాస్టారికి ప్రాణం కళ్లలోకి వస్తుంది.

నొప్పిని కొలిచే పద్ధతి కూడా ఎంతో శాస్త్రీయం. కట్టు విప్పి, కడిగి, కొత్తది కట్టి, దుప్పటి కప్పాక సిస్టర్ నవ్వుతూ అడిగేది: "ఇప్పుడెలా ఉంది మాస్టారూ?"

గండం గడిచిన మనిషి ఏమంటాడు? "హమ్మయ్య, హాయిగా ఉందమ్మా" అనేవారు. ఇలాంటి హాయిలన్నీ పోగుచేసే నొప్పిని రద్దు చేశారు.

ఒకనాడు మాస్టారు ధైర్యం చేసి, కట్టు విప్పే ముందు నొప్పి మాత్ర ఒకటి ఇప్పించమని అడిగారు. పెద్ద డాక్టరుగారు విసుక్కోలేదు. ఆయన మహా ఓర్పు గల మనిషి.

"విప్పకముందు నొప్పి ఉందా?"

"పెద్దగా లేదండీ."

"కట్టేశాక?"

"సర్దుకుంటుందండీ."

"మరి మాత్ర దేనికి మాస్టారూ?"

"మధ్యలో చచ్చిపోతున్నానండీ!"

"మధ్యలో మా చేతులు ఖాళీగా ఉండవు కదా. అప్పుడు మాత్రెలా ఇస్తాం?"

అంత సూటిగా చెప్పాక ఇంకేం అడుగుతారు? మాస్టారు కాలు చాపారు.

ఇంతలో వార్డుకు ఉత్తమ సేవా పురస్కారం వచ్చింది. సభ వార్డులోనే పెట్టారు. మాస్టారి కూతురు బంధువులందర్నీ పిలిచి, తండ్రి జుట్టు దువ్వుతూ, "నాన్నా, నాలుగు మంచి మాటలు చెప్పు. మన పరువు తియ్యకు" అంది.

"నొప్పి అనేది ఒక దురలవాటు! దాన్ని ఈ వార్డు వేళ్లతో సహా పెరికి పారేసింది!" అని ముఖ్య అతిథి గర్జించాడు. రిబ్బను కత్తిరించడం పాతబడిపోయిందని, ఆయన చేతుల మీదుగా మాస్టారి కట్టు విప్పించాలని నిర్వాహకులు ముందే నిర్ణయించారు. ఫొటోగ్రాఫర్ సరే అనగానే ఆయన కెమెరా వైపు చూసి నవ్వుతూ గుడ్డ పట్టుకుని లాగాడు.

"అడగండి! ఇప్పుడడగండి ఎలా ఉందో!" అని మాస్టారు వార్డు దద్దరిల్లేలా అరిచారు.

ఎవరూ అడగలేదు. చప్పట్లు మాత్రం బాగా కొట్టారు.

అయితే ఆసుపత్రిని ఊరికే ఆడిపోసుకోకూడదు. ఆ కేక మీద యాజమాన్యం అత్యవసరంగా సమావేశమైంది, సమస్య నిజమేనని ఒప్పుకుంది. మర్నాడు కట్టు విప్పే ముందే సిస్టర్ ఒక ట్రే పట్టుకొచ్చింది. మాత్ర వచ్చిందనుకుని మాస్టారి కళ్లు చెమర్చాయి. పరవాలేదు, మనుషులింకా ఉన్నారనుకున్నారు.

ట్రేలో దూది ఉండలున్నాయి. చుట్టుపక్కలవాళ్లు చెవుల్లో పెట్టుకోవడానికి.

అందరికంటే ముందు చెయ్యి చాపింది కూతురే. పాపం, తండ్రి బాధపడుతుంటే విని తట్టుకోలేదు ఆ పిల్ల.