బామ్మర్ది చేతిలో మోకాలు

మల్లేష్‌కు ఒక పాడు గుణం ఉంది. రెండు పొలాల నడుమ ఎక్కడ గెట్టు కనిపించినా వాడి పార ఊరుకోదు. దుక్కి దున్నిన ప్రతిసారీ గెట్టును ఇంత చెక్కి తన చెలకలో కలుపుకుంటాడు. అడిగితే, వానకు కొట్టుకుపోయిందని పైనున్న మబ్బును చూపిస్తాడు. ఈ సంగతి ఊళ్లో ఇంకెవరిని అడిగినా తెలియదంటారు గానీ, వాడి బావ కొండల్‌ను అడిగితే మాత్రం కలిపిన ముద్ద తిరిగి పళ్లెంలో పెట్టి మరీ చెబుతాడు. పెళ్లాం మాట విని బామ్మర్ది చెలక పక్కనే చెలక కొన్నవాడికి శత్రువులు వేరే ఊరినుంచి రానక్కర్లేదని అతని నమ్మకం.

ఆ రోజు పదకొండు గంటలకు సర్వేయర్ వస్తున్నాడు. ఇద్దరి చెలకల నడుమ ఉన్న జాగా ఎవరిదో తేలిపోతుంది. కొండల్ పొద్దున్నే తలస్నానం చేసి, రాత్రి మిగిలిన సర్వపిండి తిని, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కున్నాడు. సర్వేయర్ బండి దిగగానే మొదటి మాట తనదే కావాలని అతని పథకం. గెట్టు పంచాయితీలో మొదటి మాట ఎవరిదైతే సగం చెలక వాళ్లదే.

"గాడు నా తమ్ముడు. జర మెల్లగ మాట్లాడు," అంది భార్య వినోద.

"నేను మెల్లగనే మాట్లాడుత. గాని వాని పారే మాట్లాడుతుండె గిన్నొద్దులు," అంటూ కొండల్ బయలుదేరాడు.

చెలకకు పోయే తోవ బడి ముందునుంచే. బడి మైదానంలో ఊరి కబడ్డీ జట్టు మండలం పోటీలకు తయారవుతోంది. ఇద్దరు మనుషులు తక్కువ పడ్డారు.

"కొండల్ మామా! జర ఒక్క ఆటకు నిలబడు!" అని పిలిచారు కుర్రాళ్లు.

కొండల్ నిలబడేవాడు కాదు. కానీ ఎదుటి జట్టులో, చెప్పులు గీత బయట విడిచి, లుంగీ ఎగగట్టి మల్లేష్ నిలబడి ఉన్నాడు. వాడు కూడా చెలకకే పోతూ ఇక్కడ ఆగిపోయినట్టున్నాడు.

"బావను పరేషాన్ చెయ్యకుండ్రి రా," అన్నాడు మల్లేష్. "గెట్టే కాపాడుకోరానోడు గీతేం కాపాడుతడు?"

మైదానమంతా నవ్వింది. కొండల్ తెల్ల అంగీ విప్పి బడి కిటికీ చువ్వకు తగిలించాడు.

మల్లేష్ కూతకు వచ్చాడు. కొండల్ చూసింది బామ్మర్ది ముఖాన్ని కాదు, చీలమండను. వాడు వెనక్కి తిరగగానే రెండు చేతులా ఆ కాలు దొరకబుచ్చుకున్నాడు. ఇన్నేళ్ల గెట్టు కోపం ఆ పట్టులోకి వచ్చింది. మల్లేష్ అతన్ని ఈడ్చుకుంటూ గీతవైపు పడ్డాడు. జట్టులో కుర్రాళ్లంతా సాయమంటూ వచ్చి పైన పడ్డారు. అందరికంటే అడుగున ఉన్న కొండల్ మోకాలు లోపలివైపు తిరిగి, ఎండుకట్టె విరిగినట్టు టప్పుమంది.

"పాయె! నా మోకాలు పాయె! సర్వేయర్ వచ్చే దినం చూసి వీడు కావాలనే ఇరగ్గొట్టిండు!"

"నా కాలు పట్టుకున్నది నువ్వు, గుంజింది నువ్వు. నేనెట్ల ఇరగ్గొడ్త?" అన్నాడు మల్లేష్ లేచి దుమ్ము దులుపుకుంటూ. "ఇదంత నాటకం! సర్వేను వాయిదా ఏపిద్దామని పడ్డడు!"

ఇద్దరు కుర్రాళ్లు కొండల్ కాలు పట్టుకుని, ఒక్కసారి గుంజితే కీలు కూర్చుంటుందని ఊపిరి బిగించారు. కొండల్ దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచాడు. వచ్చింది మాత్రం మల్లేష్.

"గుంజకుండ్రి రా! మొన్న సంఘం దవాఖానోళ్లు గీ బడికాడికే వచ్చి ఏం చెప్పిండ్రు? గుంజొద్దు, రుద్దొద్దు. ఐస్ పెట్టాలె, కాలు ఎత్తు మీద ఉంచాలె. మీరు గప్పుడు ఫోన్లు చూసుకుంట కూసున్నరు."

"ఐస్ ఏడ దొరుకుతది మామా?"

అప్పుడే చేపల జహీర్ ఆటో హారన్ మోగింది. ఊరూరా చేపలమ్మే జహీర్ ఆటో వెనక ఇంత పెద్ద ఐసు డబ్బా ఉంటుంది. సంగతి విన్నాక జహీర్ తల గోక్కున్నాడు.

"ఐస్‌కు ఫికర్ లేదు భాయ్. గాని ఐస్ కింద రవ్వ చేపలున్నయ్. గవి ఏడ పెట్టాలె?"

"మా బావ ఒళ్లె పెట్టు," అన్నాడు మల్లేష్.

అట్లా కొండల్ ఉత్త బనీనుతో, మోకాలికి ఐసు మూట, ఒళ్లో నాలుగు రవ్వ చేపలతో జహీర్ ఆటోలో హుస్నాబాద్ దవాఖానకు బయలుదేరాడు. ఆ నాటకమేదో తేల్చుకుందామని మల్లేష్ కూడా ఎక్కాడు. ఊరి చివరిదాకా కుక్కలు అతన్ని ఎంతో మర్యాదగా సాగనంపాయి.

సంఘం దవాఖాన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చందాలు వేసుకుని నిలబెట్టింది. ఒకప్పుడు అక్కడ రోగి మంచం మీద రోగికి తప్ప అందరికీ చోటుండేది. చుట్టాలు కాళ్లదగ్గర కూర్చుని పంచాయితీలు తెంపేవారు, పిల్లలు సెలైన్ గొట్టం గుంజేవారు, చూడవచ్చినవాళ్లు తెచ్చిన బత్తాయిలు వాళ్లే ఒలుచుకు తినేవారు. ఈ మధ్య పద్ధతి మార్చారు. ఒక రోగికి ఒక్కరే తోడు. ఆ తోడు చేతికి పచ్చ పట్టీ కడతారు. పట్టీ ఉన్నవాడు ఊరికే కూర్చోవడానికి వీల్లేదు, ఇంటికి వెళ్లాక రోగిని ఎట్లా చూసుకోవాలో నేర్చుకుని మరీ పోవాలి.

చక్రాల కుర్చీ తోసుకొచ్చిన నర్సు నర్మద ముక్కు మూసుకుంది. "ముందుగాల చేపలు దించుండ్రి. ఐస్ ఎవరు పెట్టిండ్రు?"

మల్లేష్ బడిపిల్లవాడిలా చెయ్యి ఎత్తాడు.

"మంచి పని చేసినవన్నా. వాపు సగం ఆడనే ఆగింది. తోడు నువ్వేనా?" అంటూ పచ్చ పట్టీ తీసింది.

"వాడు నా తోడు కాదు సిస్టర్, వాడు నా ముద్దాయి!" అని అరిచాడు కొండల్.

"ముద్దాయో మునసబో, మంచం కాడ ఒక్కరే ఉండాలె కాకా."

కొండల్ గోడ గడియారం వంక చూశాడు. పది దాటింది. తాను ఇక్కడ మంచం మీద, వీడేమో చెలకలో సర్వేయర్ పక్కన! మొదటి మాట, చివరి మాట రెండూ వీడివే. కానీ పట్టీ కడితే వీడు కదలలేడు. ఇద్దరూ లేకపోతే సర్వేయర్ వాపసు పోతాడు.

"కట్టు బిడ్డా," అన్నాడు వెంటనే. "జర గట్టిగ కట్టు."

"కట్టుండ్రి," అని మల్లేష్ కూడా చెయ్యి చాపాడు. "ఎక్స్‌రేల ఈయన నాటకం బయటపడేదాక నేనేడికి పోను."

ఎక్స్‌రే వచ్చింది. ఎముక నిక్షేపంగా ఉంది.

"చూసిండ్రా సారూ! ఏం లే! నేను పొద్దట్నుంచి చెప్తున్న!" అని మల్లేష్ చంకలు గుద్దుకున్నాడు.

పెద్ద డాక్టరు అతన్ని పక్కకు నిలబెట్టి, కొండల్ మోకాలును రెండు చేతులతో పసిపిల్ల తలలా పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదిపి చూశాడు. "బొక్క ఇరగలే. బొక్కకు బొక్కను కట్టి ఉంచే తాడు సాగింది. నొప్పి అబద్ధం కాదు. ఆపరేషన్ అక్కర్లే. పట్టీ ఏసుకొని, చెప్పినట్టు కసరత్తు చేస్తే పత్తి ఏరే నాటికి చెలకల నడుస్తవ్."

కొండల్ తేలిగ్గా దిండుకు ఆనుకున్నాడు. ఆపరేషన్ అంటారని, కరీంనగర్ పొమ్మంటారని, ఇక కుంటుకుంటూ బతకాలని ఐసు మూట కింద అతను దారంతా వణుకుతూనే వచ్చాడు. పైగా ఇన్నేళ్లలో ఏ డాక్టరూ అతని ఒంటి సంగతి అతనికే ఇంత విడమరచి చెప్పలేదు. చీటీ రాసి చేతిలో పెట్టడమే తెలుసు వాళ్లకు. దండం పెడదామని చేతులెత్తాడు గానీ చేతులకు చేపల వాసన ఉందని గుర్తొచ్చి దించేశాడు.

తర్వాత ఇఖ్రా వచ్చింది. ఆటల్లో దెబ్బ తగిలినవాళ్లకు కసరత్తు నేర్పే డాక్టరమ్మ. వయసు చిన్నదే గానీ గొంతు మాత్రం బడిపంతులుది.

"కాకా, నువ్వు తొడ బిగబట్టాలె. అన్నా, నువ్వు మడమ కింద చెయ్యి పెట్టి మెల్లగ ముందుకు జరపాలె. జర్రంత నొప్పైనా ఆపాలె."

"నేనా? గీయన మడమ కిందనా?" అన్నాడు మల్లేష్.

"పట్టీ ఎవరి చేతికుంది?"

మల్లేష్ పట్టీ వంక చూసుకుని, బావ మడమ కింద చెయ్యి పెట్టాడు. మామ లేకపోవడంతో పెళ్లిలో కొండల్ కాళ్లు కడిగింది ఈ బామ్మర్దే. అప్పుడైనా ఇంత మెల్లగా పట్టుకోలేదు.

"అవ్వా! సంపుతుండు! డాక్టరమ్మా, వీడు గెట్టు జరిపినట్టు జరుపుతుండు!"

"ఇంకా నేను జరపనే లే బావా!"

"ఇద్దరు నోరు మూస్తరా? పక్క మంచం తాత నిద్రపోతుండు," అంది ఇఖ్రా. పక్క మంచం తాత నిద్రపోవడం లేదు. చాలారోజుల తర్వాత అతనికి మంచి కాలక్షేపం దొరికింది.

సరిగ్గా అప్పుడే వినోద దవాఖానకు వచ్చింది. కుర్రాళ్లు చెప్పిన మాట విని, మొగుడి కాలు రెండు ముక్కలైందనుకుని గుండెలు బాదుకుంటూ వచ్చింది. నర్మద లోపలికి వచ్చి అడిగింది.

"కాకా, మీ ఇంటామె వచ్చింది. ఈ అన్న పట్టీ తీసి ఆమెకు కట్టాల్నా?"

"వద్దు!" అన్నాడు కొండల్. పట్టీ ఊడితే వీడు నేరుగా చెలకకే. "వాడే ఉండాలె. వాడు లేకుంటే నాకు పాణం నిమ్మళం ఉండది."

"నేను కూడ కదల," అన్నాడు మల్లేష్. "బావ మీదికెల్లి నా కండ్లు తియ్య."

నర్మద ఈ రెండు మాటలనూ యథాతథంగా తీసుకుపోయి గేటు దగ్గర వినోదకు అప్పజెప్పింది. వినోద నమ్మలేదు. వార్డు కిటికీ అద్దంలోంచి తొంగి చూసింది. తమ్ముడు తలవంచి, నాలుక పళ్ల మధ్య బిగించి, తన మొగుడి మడమను అరచేతుల్లో మోస్తున్నాడు. ఇన్నేళ్లు పండుగకు ఒకడొస్తే ఒకడు రాక, ఇద్దరి నడుమ నలిగిపోయిన మనిషి ఆమె. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, ఇక ఇక్కడ తన పని లేదని, జహీర్ ఆటో ఎక్కి నేరుగా చెలకకు పోయింది.

లోపల మధ్యాహ్నమైంది. పదకొండు దాటి చాలాసేపైంది కాబట్టి ఇద్దరి మనసులూ కుదుటపడ్డాయి. దవాఖాన వాళ్లు పెట్టిన పప్పన్నం తిన్నారు. కొండల్ కునుకు తీసి లేచేసరికి మల్లేష్ ఐసు మూట మార్చి, కాలు కింద దిండు సర్ది, స్టూలు మీద కూర్చునే తూగుతున్నాడు. కొండల్ చాలాసేపు వాణ్ణి చూశాడు. తిట్టడానికి ఏమీ దొరకలేదు.

"మల్లిగా," అన్నాడు చివరికి. "నువ్వు గా ఐస్ పెట్టకుంటే, గా పోరగాండ్లు గుంజుదురు. గుంజితే నా కాలు గంతే సంగతులు."

"నిన్ను గీతదాక ఈడ్చింది నేనే గద బావా," అన్నాడు మల్లేష్ కళ్లు నులుముకుంటూ. "గా గెట్టు సంగతి... సర్వేయర్ మల్ల వచ్చినప్పుడు నడిమికి సగం చేద్దాం. నువ్వు సగం, నేను సగం."

"సగం ఎందుకురా? జానెడు నువ్వే ఎక్కువ తీసుకో."

"వద్దు బావా, నువ్వే తీసుకో."

జానెడు కోసం మళ్లీ గొడవ మొదలయ్యేదే గానీ ఇంతలో పంపించే వేళైంది. గేటు బయట వినోద వెలిగిపోతూ నిలబడి ఉంది.

"ఫికర్ చెయ్యకుండ్రి," అంది. "చెలక కాడి పనంత నేను చేసుకొచ్చిన. సర్వేయర్ సార్ వాపస్ పోతుంటే నేనే ఆపిన. మావోళ్లిద్దరు ఒక్కటైండ్రు సారూ, పంచాయితీ లేదు, సర్కారు నక్షల ఎట్లుంటే గట్ల కొలువుండ్రి, ఎవలు నోరెత్తరు అని చెప్పిన."

"నక్షల ఎట్లుంటే గట్లనా?" అన్నాడు కొండల్.

"గట్లనా అక్కా?" అన్నాడు మల్లేష్.

"గట్లనే. గాయన మంచోడు. పంచాయితీ ఉన్నకాడ ఇద్దరి నడుమ ఇంత గీత గీసి పోతమ్మా, లేనికాడ పాత హద్దురాయికెల్లి కొలుస్త అన్నడు. పాత రాయికెల్లే కొలిచిండు. మీ రెండు చెలకల నడుమ సర్కారు బండ్లబాట ఉండాల్నట గదా. గది ఏమైంది అని అడిగిండు. నాకేమెరుక? హద్దురాళ్లు పాతి, బాట తెరిచి పోయిండు."

ఇద్దరూ ఆటో ఎక్కి చెరో చివర కూర్చున్నారు. ఆ బాటను వాన కొట్టుకుపోలేదని ఇద్దరికీ తెలుసు. చెరోవైపునుంచీ చెరొక పార తిన్నది. ఆటోలో జహీర్ మాత్రం, ఆ బాట తెరిస్తే అవతలి ఊరికి దగ్గరి తోవ అవుతుందని సంతోషించాడు.

ఆరు వారాలు తప్పకుండా దవాఖానకు తిరిగారు. ప్రతిసారీ పచ్చ పట్టీ మల్లేష్‌కే. ఒక్కరోజు ఆలస్యమైతే ఇఖ్రా ఫోన్ చేసి ఇద్దరినీ కలిపి తిట్టేది. మోకాలు మడత పడింది, చాచుకుంది, చివరికి గొంతుక్కూర్చుంటే కూడా ఓర్చుకుంది. ఆ రోజు కొండల్ అరటిపళ్ల గెల ఒకటి తెచ్చి నర్మద చేతిలో పెట్టి, దవాఖాన గడపకు వంగి మొక్కాడు. వంగగలిగినందుకే మొక్కాడు.

ఇక రోజూ చదునైన నేల మీద నడవాలని ఇఖ్రా చెప్పింది. వాళ్ల చెలకల దిక్కున చదునైన నేల ఒక్క బండ్లబాటే. పొద్దున్నే బావ ముందు, బామ్మర్ది వెనక దానిమీద నడుస్తారు. కొత్త హద్దురాళ్లు ఎదురైనప్పుడు మాత్రం ఇద్దరూ ఆకాశం వైపు చూస్తారు.

సర్వేయర్ లెక్కలో, తిన్న బాట తిరిగి ఇచ్చేస్తే మల్లేష్‌కు పోయింది మూడు గుంటల ముప్పై గజాలు, కొండల్‌కు పోయింది మూడు గుంటల నలభై గజాలు.