మెట్లు ఫ్రేములో ఉన్నాయి, కొంచెం జరగండి

కొత్తగా పెళ్లయినవాళ్లకు నాదొక ఉచిత సలహా. కాపురం పెడితే సినిమా షూటింగులు జరిగే ఊళ్లోనే పెట్టండి. అందులోనూ సముద్రానికి ఎదురుగా ఉన్న వీధిలో. ఇల్లు ఇరుకైనా ఫరవాలేదు, కుళాయి కారినా ఫరవాలేదు. షూటింగు ఉంటే చాలు, సంసారం దానంతట అదే చక్కబడుతుంది!

ఇది నాలుగు నెలల అనుభవంతో చెబుతున్న మాట. మాకు పెళ్లయి కూడా నాలుగు నెలలే. అందుచేత సినిమాల గురించీ దాంపత్యం గురించీ నాకు సమానమైన పాండిత్యం ఉంది.

ముందు ఇంటి అందం సంగతి. మా ఇంటి వీధివైపు గోడకు ఈ నాలుగు నెలల్లో మూడు రంగులు పడ్డాయి. నీలం కామెడీ కోసమట, పసుపు ప్రేమ కోసమట. ఇప్పుడున్న బూడిదరంగు ఒక హత్య కోసం. మిగతా మూడు గోడలూ కెమెరాకు కనబడవు కాబట్టి, అవి మా ఇంటి ఓనరమ్మ కాపురానికి వచ్చిననాడు ఎలా ఉన్నాయో నేటికీ అలాగే ఉన్నాయి.

"ముఖానికి పౌడరు, మెడకు మట్టి" అంటుందావిడ, ఇంటిని చూసి. రంగు వేయించడానికి ముందుగా సంతకం పెట్టిందీ ఆవిడే.

ఇక దాంపత్య శాంతి. మొగుడూ పెళ్లాల తగాదాలు తీర్చడానికి పెద్దమనుషులు ఉంటారు. మాకు వాళ్ల అవసరమే పడలేదు. మాటా మాటా పెరిగి నేను అసలు పాయింటుకు వచ్చే సమయానికి వీధిలోంచి మైకులో "సైలెన్స్" అని వినిపిస్తుంది. ఇద్దరం నోళ్లు మూసుకుని, చెరో కుర్చీలో బొమ్మల్లా కూర్చుంటాం. స్టవ్ మీద కుక్కరు కూడా ఆపెయ్యాలి. "కట్" అనేసరికి ఏడు నిమిషాలవుతుంది. తగాదా దేనికో ఇద్దరికీ గుర్తుండదు, అన్నం మాత్రం ఉడికీ ఉడక్కుండా ఉంటుంది. ఆ అన్నం చూసి నవ్వుకోవడంతోనే రాజీ అయిపోతుంది. ఏ కౌన్సెలింగ్ సెంటర్ ఇంత త్వరగా పని చేస్తుందండీ?

పైగా మా ఊరివాళ్ల కళాభిరుచి! మా ఊళ్లో సినిమాకు కథ కోసం ఎవరూ వెళ్లరు, గోడలు చూడడానికి వెళ్తారు. తెరమీద హీరోయిన్ కుమిలిపోతుంటే, హాలంతా చూసేది ఆమె వెనకాల ఉన్న సెలూన్ బోర్డుని. పోయిన నెల ఒక సినిమాలో హీరో చేపల మార్కెట్ దగ్గర మలుపు తిరిగి, నేరుగా లైట్‌హౌస్ ముందు తేలాడు. హాలు భగ్గుమంది.

"అటు తిరిగితే కోర్టు వస్తుందిరా" అన్నాడు వెనక వరసలో ఒక ఆటో డ్రైవరు.

"మధ్యలో రెండు కిలోమీటర్లు ఎవడు నడిచాడు, నీ తాతా?" అన్నాడు పక్కవాడు.

చివర్లో ఆ హీరో చనిపోయాడు. ఒక్కరు కన్నీరు పెడితే ఒట్టు. దారి తెలియనివాడు ఎంతకాలం బతుకుతాడు చెప్పండి?

అసలైన వరం ఇంకా చెప్పనేలేదు. మా వీధి చివర సముద్రంలోకి దిగే పదకొండు రాతిమెట్లున్నాయి. తీరం అక్కడ వంపు తిరిగి పడమరకు చూస్తుంది కాబట్టి, సాయంత్రం కూర్చుంటే సూర్యుడు సరిగ్గా ఎదురుగా నీళ్లలోకి దిగుతాడు. ఆ మెట్లు చూసే మేం ఈ ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్క సాయంత్రం చూడాలని నా కోరిక.

కానీ ఆ వేళకు వెలుతురు బంగారంలా ఉంటుందట, అందుకని షూటింగులన్నీ అప్పుడే. ఒక అసిస్టెంట్ డైరెక్టరు గారున్నారు. నడివయసు మనిషి, మంచి మర్యాదస్తులు. "కొంచెం జరగండి" తప్ప ఇంకో మాట ఆయన నోట వినలేదు కాబట్టి మా వీధిలో ఆయన పేరు జరగండిగారు.

"ఫ్రేము ఎక్కడిదాకా ఉంది సార్?" అని ఒకరోజు మా ఆయన అడిగారు.

"మీరు ఎక్కడ నిలబడితే అక్కడిదాకా" అన్నారు జరగండిగారు.

ఇలా జరుగుతూ జరుగుతూ నాలుగు నెలలు గడిచాయి. మా ఆయనకు రేవులోని ఐస్ ఫ్యాక్టరీలో సోమవారం నుంచి సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా, ఆరు నెలలపాటు. ఆయన సెలవు మంగళవారం. ఆ రోజు నాకు లైబ్రరీలో ఏడింటి దాకా డ్యూటీ. అంటే ఆ సోమవారానికి ముందు మాకు మిగిలింది ఒకే ఒక్క ఆదివారం సాయంత్రం.

ఆ ఆదివారం జరగండిగారే మా గుమ్మంలోకి వచ్చారు. సీనులో వెనకాల కూర్చునే మనుషుల వ్యాను దారిలో ఆగిపోయిందట.

"మీరిద్దరూ ఖాళీయేనా? ఊరికే మెట్లమీద కూర్చోవాలి. భార్యాభర్తల్లాగా."

నాలుగు నెలలుగా రిహార్సల్ చేస్తున్న పాత్ర! చెప్పులు వేసుకోవడం కూడా మరచి పరుగెత్తాను.

డైరెక్టరు మానిటర్‌లో చూసి మొహం చిట్లించాడు. "వీళ్లు భార్యాభర్తల్లా లేరే."

"నిజంగానే భార్యాభర్తలం సార్" అన్నారు మా ఆయన.

"అయితే ఏంటి? మరీ నవ్వుతున్నారు. వెనకాల ఇంత సంతోషం ఉంటే ముందు హీరోయిన్ ఏడుపు ఎవడు నమ్ముతాడు? విడదీయండి."

విడదీశారు. మా ఆయన్ని తొమ్మిదో మెట్టుమీద, కళ్లద్దాల టీచరమ్మ పక్కన కూర్చోబెట్టారు. నన్ను రెండో మెట్టుమీద, రిటైరైన పోస్టుమాస్టరు గారి పక్కన. సూర్యుణ్ణి చూడకూడదట, నేల చూడాలట.

"బాధగా ఉండాలటమ్మా. నీకు వస్తోందా?" అని అడిగారు పోస్టుమాస్టరు గారు.

"ఇప్పుడిప్పుడే వస్తోందండీ" అన్నాను.

మెట్టుమీద వెలుతురు ఎర్రబడి, తగ్గి, ఆరిపోయింది. సూర్యుడు దిగాడని అలా తెలిసింది. తర్వాత "కట్" అన్నారు.

"రేపూ ఇదే టైముకి, ఇవే బట్టల్లో రావాలి. ఇంకా సగం షాట్ ఉంది" అన్నారు జరగండిగారు.

"రేపటినుంచి నాకు సెకండ్ షిఫ్టండీ" అన్నారు మా ఆయన.

"ఫరవాలేదు, మీరు మసగ్గానే ఉన్నారు. చొక్కా ఇచ్చి వెళ్లండి, ఇంకొకర్ని కూర్చోబెడతాం."

ఇది రాస్తున్నది సోమవారం సాయంత్రం, షాటుకీ షాటుకీ మధ్య, రెండో మెట్టుమీద. తొమ్మిదో మెట్టుమీద మా ఆయన చొక్కా కూర్చుని ఉంది. అందులో ఎవరున్నారో నాకు తెలియదు. మా ఆయన ఫ్యాక్టరీలో ఉన్నారు.

సినిమావారికి ఒకే ఒక్క మనవి. డూపులు పెట్టడంలో మీకు సాటి లేదు కదా. ఆరు నెలల తర్వాత ఒక్క సాయంత్రం, ఈ సముద్రానికి కూడా ఒక డూపును చూసుకుని, అసలుదాన్ని మాకు వదలండి. ఆ రోజు మాత్రం మీ హీరోయిన్‌ను ఈ దరిదాపుల్లో ఏడవనివ్వకండి. మేం మరీ నవ్వుతాం.