చూరు కింద పరిపాలనా ప్రక్రియ

జరేచెన్స్క్ పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, పట్టణంలో మంచు కడ్డీల సమస్య లేదు. చూర్లకు వేలాడుతున్న వాటి చట్టబద్ధ స్వభావం ఇంకా తేలలేదు కనుక వాటిని సమస్య అనడం తొందరపాటవుతుంది.

ఈ ప్రకటనను గృహ నిర్వహణ శాఖ అధికారి ఎరాస్త్ ఫోమిచ్ స్వయంగా తెచ్చి ఒక అయిదంతస్తుల ఇంటి గుమ్మం పక్కన అంటించాడు. ఒక చెయ్యి నెత్తికి అడ్డం పెట్టుకుని అంటించడంతో అది కాస్త వంకరగా వచ్చింది. తర్వాత గుమ్మానికి అడ్డంగా ఎరుపు తెలుపు రిబ్బను కట్టి, ప్రజల భద్రతకు చేయవలసినదంతా చేశానన్న తృప్తితో పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. రిబ్బను దాటడం నేరం. దాటకపోతే రొట్టె కొనుక్కోవడానికి వీల్లేదు. జనం నడుములు వంచి కింద నుంచి దూరడం మొదలుపెట్టారు. ముసలివాళ్ళకు మంచి వ్యాయామమని శాఖ తన నివేదికలో రాసుకుంది.

ఉద్యోగమంతా ట్రాము నడిపి రిటైరైన పెలగేయా నికితిచ్నాది పై అంతస్తు. ఇరుగుపొరుగుకు ఆమె పోల్యా. కడ్డీల్లో అన్నిటికన్నా పెద్దది సరిగ్గా ఆమె వంటింటి కిటికీ పక్కనే పెరుగుతోంది. కింద, మెట్ల పక్కన ఊడ్చిన కాస్త జాగాలో, కింది అంతస్తులో ఉండే స్నెఝానా తన పసిపిల్లను మధ్యాహ్నం పిల్లల తోపుడుబండిలో నిద్రపుచ్చుతుంది. చలిగాలిలో నిద్రపోని పిల్లకు ఎప్పుడూ ముక్కు కారుతూనే ఉంటుందని ఆ ఊళ్ళో డాక్టర్లకంటే ముందు అత్తగార్లు చెబుతారు. మిగతా పెరడంతా మంచు కుప్పలే. పెలగేయా రోజూ కడ్డీని చూసేది, బండిని చూసేది, టీ చల్లారిపోయేది.

చివరికి శాఖకు ఫోను చేసింది. ఎరాస్త్ ఫోమిచ్ ఎత్తాడు.

"బాబూ, ఇది నా అంత పొడుగైంది. పిల్లదాని మీద పడితే?"

"పడిందా?"

"ఇంకా లేదు."

"మరి కంగారెందుకు, పెలగేయా నికితిచ్నా? దాన్ని కొట్టడం పరిపాలనా ప్రక్రియ అవునా కాదా తేలాలి. ప్రక్రియ కాని పని చేస్తే నా ఉద్యోగం పోతుంది. ప్రక్రియ అయినదాన్ని ప్రక్రియ లేకుండా చేస్తే ఇంకా ముందే పోతుంది."

తేల్చగలిగినవాళ్ళు పట్టణ న్యాయ విద్యాలయంలో ఉన్నారు. పరిపాలనా ప్రక్రియ అంటే ఏమిటన్న విషయం మీద అక్కడ మూడు వర్గాలు, ఒకే వరండాలో, ఒకరినొకరు పలకరించుకోకుండా, ఫలవంతంగా కృషి చేస్తున్నాయి. ముగ్గురు పెద్దలూ స్థల పరిశీలనకు దయచేసి, రిబ్బనుకు చాలా దూరంలో నిలబడ్డారు.

"ప్రక్రియ అంటే తప్పు చేసినవాణ్ణి శిక్షించే పద్ధతి, అంతే!" అన్నాడు సంకుచిత వర్గం ప్రొఫెసర్ జబొలోత్నీ. "ఈ కడ్డీ ఇంతవరకూ ఏ తప్పూ చెయ్యలేదు. పడ్డాక కబురు పెట్టండి."

విశాల వర్గానికి చెందిన కపితొలీనా అర్కాద్యెవ్నా జాలిగా నవ్వింది. "ప్రభుత్వం చేసే ప్రతి పనీ ప్రక్రియే. రిబ్బను కట్టారు, ప్రకటన అంటించారు, మనం వచ్చాం. ప్రక్రియ జోరుగా సాగుతోంది! ఇప్పుడు కడ్డీని తీసేస్తే, ఇంత ప్రక్రియా దేనికోసమని అడిగితే ఏం చెబుతాం?"

"జడ్జి ముందు జరిగేదే ప్రక్రియ," అన్నాడు మూడో వర్గం పెద్ద రుస్తెమ్ ఇల్దారొవిచ్, పై కిటికీలోంచి చూస్తున్న పెలగేయాను చూపిస్తూ. "ఈవిడ దావా వెయ్యాలి. వేసవికల్లా తీర్పు వచ్చేస్తుంది."

"వేసవికి అది కరిగిపోతుందయ్యా!" అని పైనుంచి అరిచింది పెలగేయా.

"అప్పుడు దావా కొట్టేస్తారు. అదీ తీర్పేనమ్మా."

ఒక మధ్యాహ్నం ఎండ కాసింది. చూరు కారడం మొదలైంది. కిటికీ పక్కన ఏదో సన్నగా చిట్లిన చప్పుడు.

"స్నెఝానా! బండి పక్కకు లాగవే!"

కింది అంతస్తు కిటికీలోంచి స్నెఝానా తల బయటపెట్టి వేలు పెదవుల మీద పెట్టుకుంది. "ష్, పోల్యా పిన్నీ! ఇప్పుడే కునుకు పట్టింది. కదిపితే లేస్తుంది."

పట్టాల మీద తాగి పడుకున్నవాళ్ళను లేపిన గొంతు పెలగేయాది. "లాగుతావా, నన్ను దిగి రమ్మంటావా!"

స్నెఝానా చెప్పుల్లేకుండా వచ్చి బండిని లాక్కుపోయింది. కింద ఇంకెవరూ లేరని చూసుకుని పెలగేయా నేల తుడిచే కర్రతో ఒక్కటిచ్చింది. కడ్డీ పడింది. మెట్టు పగిలింది, రిబ్బను తెగింది. పిల్ల లేచి, ఏడ్చి, మళ్ళీ పడుకుంది.

చలికాలమంతా రాని శాఖ, ముక్కలు కరగకముందే వచ్చింది. విద్వాంసులు కూడా వచ్చారు. తప్పు చేసిన మనిషి దొరికింది గనుక ఇది ప్రక్రియేనని సంకుచిత వర్గం ఒప్పుకుంది. శాఖ కదిలింది గనుక ప్రక్రియేనని విశాల వర్గం. ఆమె కోర్టుకు వెళ్ళవచ్చు గనుక నిస్సందేహంగా ప్రక్రియేనని మూడో వర్గం. న్యాయశాస్త్ర చరిత్రలో మొదటిసారి ముగ్గురూ కౌగిలించుకున్నారు. ప్రభుత్వ రిబ్బనును ధ్వంసం చేసినందుకు, అనుమతి లేకుండా ఎత్తున పనిచేసినందుకు పెలగేయాకు జరిమానా పడింది.

జరిమానా కాగితానికి ఇద్దరు సాక్షులు కావాలి. మొదటి సంతకం స్నెఝానా పెట్టింది, పిల్లను చంకనేసుకుని.

"ఏమీ అనుకోకు పోల్యా పిన్నీ. నిజంగా నువ్వే కొట్టావుగా. అబద్ధం ఎలా రాయను?"

పెలగేయా పిల్ల బుగ్గ గిల్లి మెట్లెక్కి ఇంటికి పోయింది. ఇంకా కోటు విప్పకముందే తలుపు తట్టిన చప్పుడైంది. పక్క గుమ్మంలో ఉండే అవ్దేయ్ లూకిచ్, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"పెలగేయా నికితిచ్నా, మీకెలాగూ జరిమానా పడింది కదా. మా గుమ్మం మీద కూడా ఒకటి వేలాడుతోంది." గొంతు తగ్గించాడు. "సాక్షుల గురించి మీరేం బెంగపెట్టుకోకండి. మేమంతా ఉన్నాం."