పదివేల జాబ్‌లు పూర్తి

"స్వాతంత్ర్య దినోత్సవం లోపల పదివేల జాబ్‌లు ఇస్తాం. ఇవ్వలేకపోతే నా పేరు మార్చుకుంటాను!"

లుసాకా నగరంలో, జకరండా పూలు రాలుతున్న వేళ, యువశక్తి మేల్కొలుపు శాఖ మంత్రి గౌరవనీయులు కాపెంబ్వా గారు చేసిన ప్రకటన ఇది. బ్యాండు మోగింది. మంత్రిగారి బొమ్మ అచ్చువేసిన చితెంగె గుడ్డలు నడుముకు చుట్టుకున్న మహిళా కార్యకర్తలు ఆకాశం దద్దరిల్లేలా ఉలూలు కేకలు పెట్టారు. పార్టీనే మూడుసార్లు మార్చుకున్న మహానుభావుడికి పేరు మార్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. అయినా ఆయన అంతటి త్యాగానికి సిద్ధపడడం చూసి జనం కళ్ళు చెమర్చాయి.

జాబ్‌లు ఎక్కడినుంచి వస్తాయని ఎవరూ అడగలేదు. శుభమా అని సభ జరుగుతుంటే అలాంటి ప్రశ్నలు వేయడం మర్యాద కాదు. కారెక్కాక మంత్రిగారే ఆ ప్రశ్న అడిగారు.

"మేడమ్, పదివేలు ఎక్కడినుంచి తెద్దామంటారు?"

"చెప్పింది మీరు కదా సార్. మీకు తెలుసనుకున్నాను," అన్నారు శాఖ పర్మనెంట్ సెక్రటరీ హమూంగా గారు.

ఆ శాఖలో అన్ని విధాలా పర్మనెంట్ అయిన వ్యక్తి హమూంగా గారైతే, అన్ని విధాలా టెంపరరీ అయిన మనిషి ఇనోంగె ముబిటా. రెండో అంతస్తులో కంప్యూటర్ గది ఆమెది. గదిలో కంప్యూటర్ ఉంది గానీ మౌస్ లేదు. పాతది పాడైపోతే కొత్తదానికి టెండరు పిలిచారు. అందరికంటే తక్కువ ధర వేసినవాడు మంత్రిగారి బావమరిది కాకపోవడంతో న్యాయంగానే టెండరు రద్దయింది. అప్పటినుంచి ఇనోంగె నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టి పనులు కానిస్తోంది.

శాఖ మొత్తానికీ ఉన్నది ఒకే ప్రింటర్. మంత్రిగారు స్వహస్తాలతో రిబ్బన్ కత్తిరించారు కనుక సిస్టంలో దానికి 'కాపెంబ్వా' అని ఆయన పేరే పెట్టారు. గౌరవం కొద్దీ పెట్టిన పేరే. కానీ టోనర్ అయిపోయిన దగ్గర్నుంచి ఇనోంగె ప్రింటర్ సంగతి అడుగుతూ lpstat -p అని కొట్టిన ప్రతిసారీ, కాపెంబ్వా పనిచేయడం లేదని ఆ తెర ఇంగ్లీషులో చెప్పేది. ప్రభుత్వాన్ని విమర్శించే ఉద్దేశం దానికీ లేదు, ఆమెకూ లేదు.

పని చేయని ప్రింటర్ ముందు ఫైళ్ళ క్యూ పెరిగిపోయింది. క్యూలో ఎవరు ముందు అన్న గొడవ మొదలైంది. ఒక్కో ఫైలుకు ఒకటి నుంచి వంద దాకా ప్రాధాన్యం ఇవ్వవచ్చని ఇనోంగె చెప్పింది. హోదాను బట్టి ఇమ్మని హమూంగా గారు ఆర్డరు వేశారు. డైరెక్టర్లు వంద తీసుకున్నారు. మేమేం తక్కువ తిన్నామని డిప్యూటీలూ వంద తీసుకున్నారు. డ్రైవర్ల సంఘం మెట్ల మీద బైఠాయించి వంద సాధించుకుంది. నాకు నూటపది పెట్టమన్నారు మంత్రిగారు. యంత్రం వంద దాటదని తెలిసి, వంద దాటని యంత్రాన్ని కొన్నదెవరో తేల్చమని విచారణ సంఘం వేశారు. ఆ సంఘం నివేదిక కూడా క్యూలోనే ఉంది, ప్రాధాన్యం వందతో.

టెంపరరీ వాళ్ళకు మాత్రం ఒకటి.

ఆ ఒకటిలోనే ఇనోంగె బతుకుంది. ఏళ్ళ తరబడి కొసరుతూ పొడిగిస్తూ వచ్చిన టెంపరరీ గడువు ఈ శుక్రవారంతో ముగుస్తుంది. ఈసారి పొడిగింపు లేదు. కానీ ఆమెను పర్మనెంట్ చేయడానికి అనుమతి వచ్చింది. సిబ్బంది విభాగం అధికారి జింబా ఆ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌ని స్వయంగా ప్రింటుకి పంపాడు. ఆర్డర్లు శాఖ ప్రింటర్‌లోనే అచ్చు కావాలని రూలు. కాగితం బయటికొచ్చి దానిమీద సంతకం పడితే ఉద్యోగం, లేకపోతే రోడ్డు. సిస్టం దానికి 'కాపెంబ్వా-417' అని నంబరు వేసింది. ఇంట్లో అక్క అప్పుడే చిలెంజె పేటంతా చాటి, పండక్కి కాచినట్టు ముంకోయో అంబలి కాచి పెట్టింది. ఇనోంగె రోజూ పొద్దున్నే వచ్చి, దేవుడి పటం చూసినట్టు ఆ నంబరు చూసుకుని పని మొదలుపెట్టేది.

మంగళవారం నాడు మంత్రిగారు హమూంగా గారిని వెంటబెట్టుకుని ఆ గదిలోకి దయచేశారు. ఏదో ఒక మూల జాబ్‌లు దొరక్కపోవని ఆయన అంతస్తు అంతస్తూ వెతుకుతున్నారు.

"ఇదేంటమ్మాయ్, తెరంతా నల్లగా ఉంది? కరెంటు పోయిందా?"

"లేదు సార్. ఇది ఇలాగే ఉంటుంది."

"మరి ఈ వరుసలేంటి?"

"జాబ్స్ సార్."

మంత్రిగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఏమన్నావ్? మళ్ళీ అను."

"జాబ్స్ సార్. ప్రింటుకి పంపిన ఒక్కో ఫైలునీ ఒక్కో జాబ్ అంటాం. ఎనిమిదివందల చిల్లర ఉన్నాయి."

"ఎనిమిదివందల జాబ్‌లు! నా శాఖలో! నాకు చెప్పకుండా! మేడమ్, వీటిని సృష్టించిందెవరు?"

"మన సిబ్బందే సార్," అన్నారు హమూంగా గారు.

"అంటే నేనే."

"సార్, ఇవి ఆ జాబ్‌లు కావండీ..." ఇనోంగె నసిగింది.

"అమ్మాయ్, జాబంటే జాబే. ఇది పెద్ద జాబ్, అది చిన్న జాబ్ అని తేడా చూపించే ప్రభుత్వం కాదు మాది. ఇంకా పెంచాలంటే ఎలాగో చెప్పు."

ఇనోంగె నోరు మూసుకోవలసింది. కానీ శుక్రవారం మూడు రోజుల్లో ఉంది. మంత్రిగారు మెచ్చుకుంటే తన కాగితం కదలకపోతుందా అన్న ఆశ ఆమెది.

"రెండువందల పేజీల ఫైలుని పేజీకొకటి చొప్పున పంపితే రెండువందల జాబ్‌లవుతాయి సార్. సార్, ఇందులో నా అపాయింట్‌మెంట్ ఆర్డర్ కూడా ఉందండీ. నాలుగువందల పదిహేడు."

"చూశారా మేడమ్! లబ్ధిదారు కూడా ఇక్కడే దొరికింది. ఫొటో తీయించండి!"

మర్నాడు పేపర్లో మంత్రిగారి పక్కన ఇనోంగె నవ్వుతూ కనిపించింది. ఉద్యోగం పొందిన యువతి అని కింద రాశారు. అక్క ఆ పేపరు తీసుకుని పేటంతా ఇంకోసారి తిరిగొచ్చింది.

శాఖలో ఉపాధి సృష్టి ఉద్యమం ఉప్పెనలా లేచింది. వంటామె చికండా ఎలా వండాలో రాసి, వాక్యానికొక జాబ్ సృష్టించింది. గేటు దగ్గర కాపలావాళ్ళు రాజ్యాంగాన్ని పేజీ పేజీగా పంపారు. పెన్షన్ గురించి అడగడానికొచ్చిన ముసలాయన చేత కూడా ఎంటర్ కొట్టించి, వృద్ధులు సైతం ఉపాధి కల్పించే దేశం మనదని మంత్రిగారు పొంగిపోయారు. గురువారం భోజనాల వేళకు లెక్క పదివేలు దాటింది. డప్పులు మోగాయి. ప్రతిపక్ష నాయకుడు ఇదంతా బూటకమన్నాడు. "మీ హయాంలో ఈ క్యూలో ఎన్ని జాబ్‌లుండేవో చెప్పండి," అన్నారు మంత్రిగారు. ఆ హయాంలో ప్రింటరే లేదు. ఆయన తల దించుకున్నాడు.

శుక్రవారం పొద్దున అధ్యక్షుడి నివాసం స్టేట్ హౌస్ నుంచి ఫోనొచ్చింది. సృష్టించారు సరే, అన్నీ పెండింగులోనే ఉన్నాయేమిటని అడిగారు. పూర్తయినవెన్నో సాయంత్రంలోగా చెప్పాలట. మంత్రివర్గంలో మార్పులుంటాయని నగరమంతా అనుకుంటున్న రోజులవి. కాపెంబ్వా గారు కంప్యూటర్ గదికి పరుగున వచ్చారు.

"టోనర్ తెప్పిస్తే అచ్చవుతాయి సార్," అంది ఇనోంగె గబగబా. "ముందు నాలుగువందల పదిహేడు..."

"టోనర్ టెండరు తేలాలంటే కొత్త సంవత్సరం దాటుతుంది," అన్నారు హమూంగా గారు. "ఇంకో దారి ఉందమ్మాయ్. నీకు తెలుసు. నీ మొహంలో కనిపిస్తోంది. చెప్పు."

ఇనోంగె తెరమీద తన నంబరు ఇంకోసారి చూసుకుంది.

"క్యూ అంతా ఒకేసారి రద్దు చెయ్యొచ్చు మేడమ్."

"రద్దయితే అవి ఏ లెక్కలోకి వెళతాయి?"

"పూర్తయినవాటి లెక్కలోకి."

"రద్దు చేసినవి పూర్తయినవాటి లెక్కలోకా?"

"ఈ సిస్టం అంతే మేడమ్. అచ్చయినా పూర్తయినట్టే, రద్దయినా పూర్తయినట్టే. అడిగితే అన్నీ కలిపి చూపిస్తుంది."

హమూంగా గారు భక్తిగా కళ్ళు మూసుకున్నారు. "దీన్ని రాసినవాడెవరో గానీ, ప్రభుత్వంలో పనిచేసే ఉంటాడు."

ఇనోంగె cancel -a kapembwa అని కొట్టింది. మంత్రిగారు ఉలిక్కిపడ్డారు.

"నా పేరు పక్కన ఆ మాటేంటమ్మాయ్? రద్దు చేసేది నన్నా?"

"ప్రింటర్ క్యూని సార్." ఆమె చెయ్యి ఎంటర్ మీదికి పోలేదు. "మేడమ్, ఒక్కటి వదిలేస్తాను. నాదొక్కటి. ఇవాళే ఆఖరి రోజు మేడమ్."

"పదివేలల్లో ఒక్కటి మిగిలితే పేపరువాళ్ళు పదివేలూ వదిలేసి ఆ ఒక్కదాన్నే పట్టుకుంటారు. జింబా మళ్ళీ పంపిస్తాడులే. కొట్టు."

"నీ త్యాగాన్ని జాతి మరిచిపోదు," అన్నారు మంత్రిగారు గద్గదంగా.

ఇనోంగెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొట్టింది. క్యూ చూడ్డానికి lpstat కొడితే తెరమీద ఒక్క వరుసా లేదు.

"ఒక్కటీ లేదు! ఒక్కటంటే ఒక్కటీ పెండింగు లేదు!" మంత్రిగారు లేచి నిలబడ్డారు. తరువాత పూర్తయినవాటిని చూపమని lpstat -W completed అని కొట్టించి, పైనుంచి కిందికి ఏరులా జారిపోతున్న పదివేల జాబ్‌లను తనివితీరా చూశారు. హమూంగా గారు వాటిని ఫోనుతో ఫొటోలు తీసి స్టేట్ హౌస్‌కి పంపారు. శభాష్ అని జవాబొచ్చింది. మిగతా శాఖలన్నీ ఇదే పద్ధతి పాటించాలని సాయంత్రం రేడియోలో చెప్పారు.

ఇనోంగె అప్పటికే మెట్లు దిగి సిబ్బంది విభాగంలో నిలబడి ఉంది. జింబా కపెంటా చేపలతో న్షిమా తింటున్నాడు.

"జింబా అన్నా, నా ఆర్డర్ రద్దయింది. ఇంకోసారి పంపించు. రూలు కాకపోయినా బయట కొట్టులో అచ్చు వేయించుకొస్తాను."

"రద్దేంటి చెల్లెమ్మా?" జింబా చెయ్యి కడుక్కుని వచ్చి తన కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. "నాలుగువందల పదిహేడు. ఇదిగో. పూర్తయినవాటిలో ఉంది."

"అచ్చు కాలేదన్నా! నా చేత్తో నేనే రద్దు చేశాను."

"మెల్లగా! అలాగని నేను రాస్తే స్టేట్ హౌస్‌కి మంత్రిగారు అబద్ధం పంపారని రాసినట్టు. నాకూ పిల్లలున్నారు. పైగా ఒకే మనిషికి రెండుసార్లు జాబ్ ఇస్తే బయట ఖాళీగా ఉన్నవాళ్ళు ఏమైపోవాలి?"

"అయితే నాకు జాబ్ వచ్చినట్టేనా?"

"వచ్చినట్టేంటి, వచ్చేసింది! పేపర్లో ఫొటో కూడా వేశారుగా. మా ఆవిడ చూసి ఎంత మురిసిపోయిందో."

ఇనోంగె కళ్ళు తుడుచుకుంది. "సరే అన్నా. మరి సోమవారం ఎన్నింటికి రమ్మంటావ్?"

జింబా ఆమె మెడలోంచి గేటు పాస్ మెల్లగా తీసి సొరుగులో వేసుకున్నాడు. "జాబ్ పూర్తయిందని ఇంత స్పష్టంగా ఉంటే, ఇంక రావడమెందుకు చెల్లెమ్మా?"