వెడల్పు తెర మీద తప్పిపోయిన బాణం

దీపం చేతబట్టి జారో కోవెలలో కొలువైన ఓ కాండెలారియా మాతా! పోయిన తాళంచెవుల కోసం, తగ్గని జలుబుల కోసం, అత్తవారింటి అలకల కోసం మేము పెట్టే మొరలను చిన్నవని తోసెయ్యకుండా వినే తల్లీ! ఈ యుద్ధగాథను కూడా ఆ వరసలోనే విను.

అది తూర్పు సముద్రపు దీవుల్లో ఇలోయిలో అనే మహానగరం. అది జులై మాసం. మేఘగర్జనలతో దిక్కులు పిక్కటిల్లుతుండగా, జీప్నీ రథాలు బురదనీటితో బాటసారులకు అభిషేకం చేస్తుండగా, బాచోయ్ అంగళ్ళలో ఎముకల పులుసు సలసల కాగుతూ వేయించిన వెల్లుల్లి పరిమళం వీధివీధినా విజయయాత్ర సాగిస్తున్న ఆ సోమవారం ఉదయాన, మీయాగావ్ రేవులో తరతరాలుగా వలలు విసిరిన నొబ్లేజా వంశమనే సముద్రానికి చంద్రుడు, ఆస్ట్రేలియా ఖండపు గృహిణుల వంటగదులకు నక్షాలు గీసే అపర మయుడు, నడుముకు పైన ఇస్త్రీ చొక్కా, నడుముకు కింద పాత నిక్కరు ధరించిన మహావీరుడు రోడెల్ నొబ్లేజా మేడమీది గదిలో తన కుర్చీని అధిష్ఠించాడు.

ఆయన ఎదుట ఉన్నది సామాన్యమైన తెర కాదు. క్రిస్మస్‌కు బోనసుగా వచ్చే పదమూడో నెల జీతాన్ని సాంతం ఆరగించి అవతరించిన నలభై తొమ్మిది అంగుళాల విశాల తెర. బల్ల అంచులు దాటి ఇరువైపులా రెక్కలు చాచిన గరుత్మంతునిలా, మధ్యలో ఒంపు తిరిగి ఎదుట కూర్చున్నవాణ్ణి కౌగిట్లోకి తీసుకుంటున్నట్టు ఉండేది. దాని ఎడమ కొసన తెల్లవారుతుంటే కుడి కొసన పొద్దు గుంకుతుందని రోడెల్ స్నేహితులు చెప్పుకునేవారు. పూర్వం చిన్న లాప్‌టాప్ మీద సింకు కనబడితే పొయ్యి కనబడేది కాదు, పొయ్యి దగ్గరికి వెళితే ఫ్రిజ్ మాయమయ్యేది. ఇప్పుడో, వంటగది గోడ ఒక్క చూపులో పరుచుకునేది. పనికి అది మేలు చేసిన మాట నిజం. రోడెల్ దాన్ని కొన్నది కేవలం పని కోసమేనా అన్నది వేరే మాట.

ఆ వేరే మాటను మొదట్లోనే పసిగట్టింది ఆయన ధర్మపత్ని మెరివిక్. ఆమెదీ అదే కంపెనీ. ఇళ్ళవాళ్ళతో మాట్లాడి వాళ్ళకు కావలసినవి సమకూర్చే ఉద్యోగం. కింద భోజనాల బల్ల మీద, అన్నం కుక్కర్ పక్కన, అరచేతి వెడల్పు లాప్‌టాప్‌తో ఆమె ఆఫీసు నడిచేది. తెర వచ్చిన రోజునే మాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించి మొగుడి చేత ఒట్టు వేయించింది.

"పని వేళల్లో దీనిమీద ఆట కనబడకూడదు. మూలన కూడా."

"కనబడదు."

"కనబడిందో, ఇది కిందికి దిగి అమ్మ కరోకే పాటల పెట్టెకు తగులుకుంటుంది. సరేనా?"

"సరే," అన్నాడు వీరుడు. ఆమె తల్లి నానాయ్ కొంచింగ్ ఆ మాట చెవిన పడ్డ మరుక్షణమే కింది హాల్లో పాటల పెట్టె వెనక గోడకు బూజు దులిపి సిద్ధంగా ఉంచింది.

ఇలా ఉండగా విధి వక్రించింది. రోడెల్ ఆడే కంప్యూటర్ ఆటలో సముద్రగర్భాన నిద్రించే మహాసర్పం ఒకటి ఉన్నది. మరకతమణుల వంటి పొలుసులు, పడవలను మింగే నోరు, నెలకోసారి మాత్రమే పైకి లేచే బద్ధకం దాని లక్షణాలు. ఆ సోమవారం అది లేచే ముహూర్తం సరిగ్గా పది గంటలు. ఆఫీసు మీటింగూ సరిగ్గా పది గంటలకే. దవావోలో, సెబూలో ఉన్న అతని సహయోధులు కత్తులు నూరుకుని కూర్చున్నారు. వాళ్ళందరి ముందూ డాలు పట్టి నిలవవలసినవాడు రోడెల్ ఒక్కడే.

అప్పుడు ఆ ధీరోదాత్తుడు తన అంతరాత్మతో ఇలా పలికాడు: "ఓయీ అంతరాత్మా! వినడం చెవుల ధర్మం, పోరాడడం చేతుల ధర్మం. నేటి మీటింగులో నేను వినవలసినవాణ్ణే తప్ప పలకవలసినవాణ్ణి కాను. ఊరికే ఒడిలో పడివుండే ఈ చేతులు ఆపదలో ఉన్న మిత్రులకు సాయపడితే అధర్మమెలా అవుతుంది? పైగా నేను దానికిచ్చేది కుడివైపు మూడో వంతు మాత్రమే. మిగిలిన రెండు వంతులూ నిష్కళంకమైన వంటగదే కదా!"

ఈ వాదంలో తప్పెక్కడుందో చూపించమంటే చదువుకున్నవాళ్ళు కూడా కాసేపు తల గోక్కుంటారు. తప్పున్నదని మాత్రం రోడెల్‌కు తెలుసు. తెలియకపోతే తెరకు పైనున్న మాత పటం వైపు చూడకుండా చూపు దించుకోవడమెందుకు?

పది కొట్టింది. ఎడమన బెవర్లీ అనే ఆస్ట్రేలియా గృహిణి కోసం గీసిన తెల్లని వంటగది తెరుచుకుంది. కుడిన సముద్రం బద్దలై సర్పం లేచింది. బకోలోద్‌లో కూర్చున్న పెద్ద సారు ఆర్నెల్ అరల లోతు గురించి మాట్లాడుతుంటే రోడెల్ "అవును సర్" అంటూ తోక దెబ్బ కాచుకున్నాడు. బెవర్లీ కిటికీ ఎత్తు గురించి అడుగుతుంటే తల ఊపుతూ విషజ్వాలను డాలుతో అడ్డుకున్నాడు. సర్పం నీరసించింది. ఇంకొక్క ఘడియ ఆగితే నేలకొరిగేదే.

"రోడెల్, ఆ నక్షా ఓసారి అందరికీ చూపించవయ్యా," అన్నాడు ఆర్నెల్.

ఇక్కడే జరిగింది ఘోరం. చిన్న లాప్‌టాప్ రోజుల్లో తెర చూపించడమంటే ఉన్నదంతా చూపించడమే. ఆ పాత అలవాటులో ఉన్న వేలు, యజమాని అనుమతి కోసం ఆగకుండా, 'తెర అంతా' అన్న చోట నొక్కేసింది. వంటగది, దాని పక్కన సముద్రం, సముద్రంలో పాము, పాము ఎదుట డాలు పట్టిన రోడెల్, అంతా కలిసి ఒకేసారి ఖండాంతరాలకు ప్రయాణమైపోయాయి.



"ఇదేంటయ్యా, రిబ్బను ముక్క పంపావా?" అన్నాడు ఆర్నెల్.

అది కూడా నిజమే. అంత వెడల్పైన సామ్రాజ్యం మామూలు తెరల్లో ఇమడలేక, పైనా కిందా నల్లటి చీకటి మధ్య, సన్నని పట్టీగా మారి చేరింది అందరికీ.

"మీ తెర చిన్నదేమో సర్."

"నా తెర అందరి తెరలాగే ఉంది. నీదే జీప్నీ అంత పొడుగుంది. కొంచెం పెద్దది చెయ్, ఏమీ కనబడ్డం లేదు."

ఏమీ కనబడ్డం లేదన్న ఆ మాట రోడెల్ చెవుల్లో అమృతం పోసింది. సర్పాన్ని మూసేయడానికి ఇంకా వ్యవధి ఉన్నది! మౌసు మీద చేయి వేశాడు. తెర మీద బాణం గుర్తు కోసం చూశాడు.

బాణం లేదు.

కీబోర్డు వైపు వెళదామంటే అది ఆట వశంలో ఉన్నది. ఏ మీట నొక్కినా డాలువీరుడు గాలిలోకి ఎగిరి గంతేస్తున్నాడే తప్ప ఆట మూతపడడం లేదు. ఇక మిగిలినది ఆ గోరంత బాణం ఒక్కటే. నడిసముద్రంలో ఉంగరం జారవిడిచినవాడిలా, సంతలో చెప్పు పోగొట్టుకున్నవాడిలా, రోడెల్ ఆ తెల్లని దిగంతాలను గాలించాడు. పైఅరలను వెతికాడు. సింకులోకి తొంగి చూశాడు. మౌసును కుడికి విసిరాడు, ఎడమకు విసిరాడు, కాఫీ కప్పును ఢీకొట్టి నిక్కరు మీద వేడి కాఫీ వర్షం కురిపించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా మాత్రం చెక్కుచెదరలేదు. బాధను దిగమింగి, కెమెరా వైపు చిరునవ్వు నవ్వాడు.

సరిగ్గా అప్పుడే నానాయ్ కొంచింగ్ ఆకు చుట్టల్లో ఉడికించిన బంకన్నం పళ్ళెంలో పెట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"తోతో, నాయనా, వేడిగా ఉంది, తిను. అదేం అవతారం? నిక్కరంతా తడిపేసుకున్నావు?"

"కాఫీ నానాయ్," గుసగుసలాడాడు రోడెల్. "నెమ్మదిగా మాట్లాడండి. బాణం పోయింది."

"ఎక్కడ పెట్టావ్?"

"పెట్టలేదు నానాయ్. పారిపోయింది. తెల్లగా, చిన్నగా ఉంటుంది."

"నువ్వలా ఊపేస్తుంటే బెదిరి ఇంకా దూరం పోదూ? చెయ్యి తియ్." ఆవిడ పళ్ళెం నడుముకు ఆనించుకుని కళ్ళు చికిలించింది. తెరకు మొహం ఆనించి కూర్చున్నవాడికి కనబడనిది గుమ్మంలో నిలబడ్డ మనిషికి కనబడింది. "అదుగో, ఆ ఫ్రిజ్ తలుపు మీద. తెలుపు మీద తెలుపు. ఈగ వాలినట్టు."

"పెద్దదయిందా?" అన్నాడు ఆర్నెల్ అటునుంచి. "ఎవరో ఫ్రిజ్ అంటున్నారు?"

"మా అత్తగారు సర్! ఫ్రిజ్ బావుందంటున్నారు!"

ఇక మహాప్రస్థానం మొదలైంది. ఫ్రిజ్ ఎడమ కొసన, సర్పం కుడి కొసన. మధ్య ఉన్నది అఖండ వంటగది. మౌసు బల్ల అంచుకు చేరేసరికి బాణం సింకు దగ్గరే ఉన్నది. మౌసును పైకెత్తి, వెనక్కి తెచ్చి, మళ్ళీ లాగాడు. పొయ్యి వచ్చింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ లాగాడు, తెడ్డు వేసే పడవవాడిలా. కిటికీ దాటింది. చివరి అర దాటింది. సరిహద్దు దాటి సముద్రంలో అడుగుపెట్టింది. ఆటను మూసే గుర్తు మీద బాణం వాలింది. వేలు కదిలింది.

"ఆగండి!" అని కేక వేసింది బెవర్లీ. "ఆ కుడివైపుది తీయకండి!"

వేలు గాలిలో ఆగిపోయింది. సెబూ వీరుడెవరో వేసిన చివరి దెబ్బకు అదే క్షణంలో మహాసర్పం ఒరిగి, ఆ మూడో వంతు నిండా మరకత కాంతులతో పొలుసులు పరుచుకున్నాయి.

"అంత పచ్చగా మెరుస్తున్నాయే, పొయ్యి వెనక గోడకు టైల్సు కదూ? చిన్నగా కనబడుతున్నాయి గానీ ఎంత బావున్నాయో! నాకు అవే కావాలి."

"ఏం టైల్సు రోడెల్ అవి?" అన్నాడు ఆర్నెల్ సంబరంగా.

వీరుడు అబద్ధమాడడానికి నోరు తెరిచాడు. తెర పైనుంచి మాత చూస్తోంది. "అది... సముద్రానికి సంబంధించింది సర్."

"పేరే చల్లగా ఉంది. మెరివిక్, వివరాలు రోడెల్ దగ్గర తీసుకుని బెవర్లీ గారికి పంపించమ్మా."

"తప్పకుండా సర్," అంది అదే మీటింగులో కింద నుంచి అంతా వింటున్న మెరివిక్.

ఇలోయిలో వాళ్ళు కోపంలో కూడా తేనెలు ఒలకబోస్తారు. మెరివిక్ గొంతు ఆ పూట మామూలు కంటే మరీ తీయగా ఉంది. సర్పజ్వాలకు జంకని రోడెల్ వెన్ను ఆ తీపికి జలదరించింది. మీటింగు ముగిసింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది.

"ఏవి నా బంగారు పలంగ్గా, ఆ టైల్సు?" అంటూ లోపలికి వచ్చింది.

"చచ్చిపోయింది."

"టైల్సు చచ్చిపోవడమేంటి?"

రోడెల్ తల వంచుకున్నాడు. "పాము మెరివిక్. ఒట్టు తప్పాను. నెలకోసారే లేస్తుంది..."

"మూలన కూడా వద్దన్నాను."

"మూలనే పెట్టాను."

"మూడో వంతు మూలా?"

నానాయ్ కొంచింగ్ అప్పటికే బల్ల కిందికి దూరింది. "గొడవెందుకే, వైర్లు నేను చుడతాను. ఆదివారం నా పుట్టినరోజు కూడాను. పాట కింద అక్షరాలు ఎంతెంత కనబడతాయో!"

"ఉండమ్మా." మెరివిక్ తెర ముందు నిలబడింది. గోడంత వంటగది ఒక్క చూపులో కనబడుతోంది. ఒక్కో అర దగ్గరా ఆమె చూపు ఆగింది. చేయి తనకు తెలియకుండానే మెడ వెనక్కి వెళ్ళి నొక్కుకుంది. అడిగింది, ఈసారి తీపి లేకుండా:

"రోజంతా ఆ కుక్కర్ పక్కన మెడ వంచుకుని ఈ ముక్కలు ఒక్కొక్కటీ వెతుక్కుంటాను నేను. నువ్విక్కడ పాముకు చోటిచ్చావు. నాకు లేకపోయిందా?"

పదిహేను మంది సహయోధులు కాపాడలేని చోట తగిలింది ఆ బాణం.

"నువ్వు అడగలేదుగా..." అని గొణిగాడు.

"నువ్వు పిలవలేదుగా."

ఎంత వెడల్పు ఉంటే మనిషికి పక్కనున్న మనిషి కనబడుతుంది? ఈ ప్రశ్న ఆ తెర అమ్మినవాడు వేయలేదు, కొన్నవాడూ వేసుకోలేదు. రోడెల్ లేచి కిందికి వెళ్ళాడు. తడి నిక్కరుతోనే మెరివిక్ లాప్‌టాప్, దాని వైరు, ఆమె కుర్చీ మోసుకొచ్చాడు. తెర వెనక ఇంతవరకూ ఎవరూ వాడని రెండో రంధ్రం ఒకటున్నది. అందులో వైరు గుచ్చగానే విశాల సామ్రాజ్యం నడిమికి రెండుగా చీలింది. ఎడమన ఆయన వంటగది, కుడిన ఆమె ఉత్తరాలు. పాముకు, దాని బంధువులకు పని వేళల్లో ఇక వేలెడు జాగా మిగల్లేదు.

"మరి నా పాటలు?" అంది బల్ల కింద నుంచి నానాయ్.

"ఆదివారం మొత్తం నీదే అమ్మా. బయటికి రా."

మెరివిక్ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. మెడ నిటారుగా నిలిచింది. భుజం భుజానికి తగిలింది. "ఇప్పుడు ఆ పచ్చటి టైల్సు ఎక్కడ దొరుకుతాయో వెతుకు. ఒప్పుకున్నది నువ్వు," అంది. రోడెల్ వెతకసాగాడు.

వినండి జనులారా! పూర్వం సర్పాన్ని సంహరించిన వీరులకు ఏమి లభించేది? అర్ధరాజ్యం, రాజకుమారి. రోడెల్ నొబ్లేజాకూ అవే లభించాయి. అంతకుముందు రాజ్యమంతా అతనిదేననీ, రాజకుమారి కింది అంతస్తులోనే ఉండేదనీ గుర్తుచేసి శుభవేళ ఎవరూ ముఖం చిట్లించుకోకండి. సర్పాంతకునికి, డాలుధారికి, ఇరవై నాలుగున్నర అంగుళాల అధిపతికి జయము! జయము!